తలుపు తీసేయండి

ఆ ఆదివారం పొద్దున వడ్రంగి వేసుకున్న పథకం చాలా చిన్నది. చిన్నపిల్లల బడికి వెళ్ళాలి. నేలకు గీరుకుంటున్న అక్కడి తలుపుకి అడుగున వేలెడు మేర చిత్రిక పట్టాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. సాయంత్రం వియ్యపురాలు వచ్చేసరికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సొంత ఇంటి కొత్త తలుపు పక్కన ఏమీ ఎరగనట్టు నిలబడాలి.

ఆ కొత్త తలుపు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు వడ్రంగి చేతిలో పుట్టినవే. అన్నీ ఒకే కొలత. వాళ్ళ నాన్న ఇచ్చిపోయిన కొలకర్ర ఒకటుంది. ఆ కర్ర ఎంతంటే తలుపు అంత. ఎవరైనా "మా గుమ్మం కాస్త వెడల్పుగా పెట్టు" అంటే, "తలుపుని బట్టి మనిషి ఉండాలి గానీ మనిషిని బట్టి తలుపు ఉంటుందా?" అనేవాడు. ఇంతమందికి తలుపులు పెట్టినవాడి ఇంటికి మాత్రం, ఏనాటిదో పాత తలుపు, దానికి పెట్టె చెక్కతో ఒక అతుకు, ఆ అతుకు మీద ఇంకో అతుకు. భార్య అడిగి అడిగి, అలిగి, మానేసి, మళ్ళీ అడిగి, చివరికి నిన్న సాయంత్రం కొత్తది బిగింపించుకుంది. పాలిష్ వాసన ఇంకా పోలేదు. దీపాలు పెట్టేవేళ దాకా ఆవిడ దాన్ని వేస్తూ తీస్తూ, వేస్తూ తీస్తూ, చప్పుడు రాకుండా కదులుతున్నందుకు తనలో తనే నవ్వుకుంటూ ఉండిపోయింది.

"భోజనం వేళకి వచ్చేస్తారుగా?" అందావిడ, ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుంటుంటే.

"అరగంట పని."

"మీ అరగంటలు నాకు తెలియనివా? ఈ తలుపు కూడా అరగంట పనే అన్నారు. మన అమ్మాయి పెళ్ళికి ముందు."

వడ్రంగి చెప్పుల్లో కాళ్ళు దూర్చి, జవాబు అక్కర్లేనంత దూరం గబగబా నడిచాడు.

వారంలో ఆరు రోజులు కూలికి, ఏడో రోజు ఊరికే. ఇది ముగ్గురు మనుషులు పెట్టుకున్న నియమం. కారే కప్పు, ఊగే మెట్టు, షాక్ కొట్టే స్విచ్చి ఊళ్ళో ఎక్కడున్నా ఆదివారం ముగ్గురూ వెళ్ళి బాగుచేసి వస్తారు. ఒకడు మన వడ్రంగి. రెండోవాడు మేస్త్రి, వడ్రంగికి స్వయానా వియ్యంకుడు. వీళ్ళమ్మాయిని వాళ్ళబ్బాయికిచ్చారు. మూడోవాడు కరెంటు పనివాడు, వడ్రంగి భార్యకి తమ్ముడు. ఊళ్ళో అందరికీ అతను 'కరెంటు బామ్మర్ది'.

పనిలో ముగ్గురికీ వంక పెట్టనక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. కూలి పనిలో యజమాని ఉంటాడు, ఆపేవాడుంటాడు. ఊరికే చేసే పనిలో ఎవరిని ఎవరు ఆపుతారు? అందులోనూ వియ్యంకులు. మేస్త్రి ఏదన్నా అంటే మగపెళ్ళివారి మాట, కాదంటే కూతురి కాపురంలో ఏం వినాల్సొస్తుందోనని వడ్రంగి భయం. వడ్రంగి ఏదన్నా అంటే పిల్లనిచ్చినవాడి మాట, తోసేస్తే మనవరాలి ముందు మొహం చెల్లదని మేస్త్రి భయం. అందుకని ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు "అలాగే బావగారూ" తప్ప ఇంకో మాట అనుకుని ఎరగరు.

ఆ మనవరాలు చదివేది ఈ బళ్ళోనే. బడంటే పెద్దదేం కాదు. వీధి మలుపులో ఒక గది, గది ముందు ఒక వాకిలి, వాకిట్లో ఒక కుళాయి. పంతులమ్మ ఒక్కతే నడుపుతుంది. పోయినేడు గది చీకటిగా ఉందని నలుగురు తల్లులు పిల్లల్ని మాన్పించేశారు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి కొత్త తల్లిదండ్రులు చూడటానికి వస్తున్నారు. వాళ్ళకి నచ్చి పిల్లల్ని చేరిస్తే సరే, లేకపోతే బడి మూసేసి గది తాళాలు ఇంటివాళ్ళకి అప్పజెప్పేస్తానని పంతులమ్మ తేల్చి చెప్పింది. తలుపు గీరుకుంటూ కీచుమంటే వచ్చినవాళ్ళు గుమ్మంలోనే వెనక్కి తిరుగుతారని ఆవిడ దిగులు. వడ్రంగి ఆవిడకి మాటిచ్చాడు: "అమ్మా, నాలుగింటికి మీ తలుపు చూసి ఎవరూ ఒక్క మాట అనరు."

ఆ మాట మాత్రం నిజమైంది.

ముగ్గురూ వాకిట్లోకి వచ్చేసరికి పంతులమ్మ లేదు. వడ్రంగి ఫోను మోగింది. బస్సు రొదలోంచి ఆవిడ గొంతు వినిపించింది. అందరికీ వినపడేలా వడ్రంగి ఫోను ముందుకు పట్టాడు.

"నేను రంగు కాగితాలకని బయల్దేరానండీ. వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది. తాళంచెవి పూలకుండీ కింద ఉంది. తలుపు తీసేయండి. గదిలో లైటు కూడా తీసేయండి, పొద్దున నేను మర్చి..." ఇక్కడ హారన్ మోగింది. "వాకిట్లో కుళాయి కట్టేయండి. మిగతాది నేనొచ్చాక..." ఫోను తెగిపోయింది.

వడ్రంగి ఫోను జేబులో పెట్టుకుని నిట్టూర్చాడు. "అడుగున కాస్త చిత్రిక పడదామనుకున్నాం. ఆవిడ మొత్తం తీసేయమంటోంది."

"విసిగిపోయుంటారు పాపం," అన్నాడు మేస్త్రి. "కుళాయి కూడా కట్టేయమన్నారు, విన్నారుగా? నేనేదో మెట్టుకి పూత పూద్దామని సిమెంటు తెచ్చాను. నా అదృష్టం, కట్టుబడి పనే తగిలింది."

"నాకు ఒక్క లైటేనా?" అన్నాడు బామ్మర్ది చిన్నబుచ్చుకుని.

వడ్రంగి పూలకుండీ కింద తాళంచెవి తీశాడు. తాళం తిప్పాడు. తలుపు నేలకు గీరుకుంటూ, కీచుమంటూ తెరుచుకుంది. పంతులమ్మ చెప్పిన పని అక్కడితో అయిపోయింది. ఆ సంగతి తెలియక వడ్రంగి సంచీలోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

లోపల లైటు వెలుగుతోంది. బామ్మర్ది ముందుగా స్విచ్చి నొక్కి దాన్ని ఆర్పాడు. అతని పనీ అయిపోయింది. అతనూ నిచ్చెన వేసుకున్నాడు.

వాకిట్లో మేస్త్రి కుళాయి పిడి పట్టుకుని ఈ వైపు తిప్పాడు, ఆ వైపు తిప్పాడు. చుక్క రాలేదు. "ఎండిపోయిన కుళాయి. అందుకే కట్టేయమన్నారు," అని చేయి వదిలేశాడు. పిడిని ఆ వైపు కాకుండా ఈ వైపు వదిలేసి ఉంటే, కథ ఇక్కడే ముగిసి అందరూ వేళకి భోజనం చేసేవాళ్ళు.

మడతబందుల మరలు ఊడదీస్తే తలుపు వడ్రంగి భుజం మీదికి ఒరిగింది. తన చేతి తలుపే. పాతికేళ్ళ నాటిది. గోడకి చేరవేసి దాన్ని తడిమాడు. కర్ర రాయిలా ఉంది.

"పారేయడానికి చేతులు రావట్లేదు బావగారూ," అన్నాడు.

"తీసేయమన్నారు గానీ పారేయమనలేదుగా," అన్నాడు మేస్త్రి, పక్కింట్లో అడిగి తెచ్చిన నీళ్ళతో సిమెంటు మాలు కలుపుతూ. "పిల్లలు నేల మీద కూర్చుని రాసుకుంటారు. పొట్టి కాళ్ళు వేస్తే మంచి బల్ల."

వడ్రంగికి ఆ మాట నచ్చింది. "అలాగే బావగారూ." తలుపుకి కాళ్ళు తగిలిస్తే అయిపోయేది. కానీ మేస్త్రి ఊరుకోలేదు. "అంత పొడుగు బల్లంటే చివర్న కూర్చున్న పిల్లకి పంతులమ్మ కనపడదేమో. రెండు చేస్తే బాగోదూ?"

రెండు చేయడమంటే తలుపుని అడ్డంగా కోయడమే. వడ్రంగికి మనసొప్పలేదు. కాదనబోయాడు. వియ్యంకుడి మొహం చూశాడు. కూతురు గుర్తొచ్చింది. "అలాగే బావగారూ," అని రంపం అందుకున్నాడు.

ఇటు మేస్త్రి గోడవార పడున్న పాత ఇటుకలు కుళాయి చుట్టూ పేర్చి మోకాలెత్తు దాకా లేపాడు. లోపల కుళాయి, నాలుగు వైపులా గోడ. తాపీ గోడంచుకి తట్టి తృప్తిగా నడుం విరుచుకున్నాడు.

"ఆపేశారేం?" అన్నాడు వడ్రంగి, రంపం మీంచి తలెత్తి. ఇంత సలహా ఇచ్చిన వియ్యంకుడికి తనూ ఒక మంచి మాట చెప్పకపోతే ఏం మర్యాద? "కట్టేయమన్నారు కదా. కుళాయి కనపడుతూనే ఉంది. పైదాకా లేపి ఒక బండ మూత వేస్తే నిండుగా ఉండదూ?"

మేస్త్రికీ అది ఎక్కువేననిపించింది. అయినా చెప్పింది మనవరాలి రెండో తాత. "అలాగే బావగారూ." ఇంకో నాలుగు వరసలు లేచాయి. పైన బండ కూర్చుంది. ఇప్పుడు వాకిట్లో కుళాయి ఉండేదంటే ఎవరూ నమ్మరు.

బామ్మర్ది లైటు తీసి, తుడిచి, కిటికీ గట్టు మీద పెట్టాడు. బావలిద్దరూ అంతంత పనులు చేస్తుంటే తనది మరీ చిల్లర పని అయిపోయిందని అతనికి నామోషీగా ఉంది. "ఒక్క లైటు తీసి ఊరుకుంటే ఏం బాగుంటుంది?" అని హోల్డరు తీశాడు. హోల్డరు తీశాక వైరు వేలాడుతోందని వైరు లాగాడు. వైరు రాగానే స్విచ్చిబోర్డుకి ఇక పనేముందని దాన్నీ ఊడదీశాడు. మెయిన్ ఆపి, అన్నిటికీ టేపు చుట్టి, చుట్టలు చుట్టి, పెళ్ళి సామానులా వరసగా సర్దాడు.

ముగ్గురూ అలవాటు కొద్దీ చేతులు కడుక్కుందామని వాకిట్లోకి వచ్చారు. కుళాయి లేదు. ముగ్గురూ చేతులు తుడుచుకున్నారు.

అప్పుడు ఆ ఇటుకల కట్టడం గొణిగింది.

"బావగారూ," అన్నాడు వడ్రంగి, "మీ కట్టడం ఏదో అంటోంది."

"కొత్త కట్టడం కదా. సర్దుకుంటుంది."

గొణుగుడు కాస్తా గుడగుడ అయింది. కట్టడం లోపల ఎవరో పెద్దమనిషి పుక్కిలిస్తున్నట్టుంది.

"చెమట పడుతోంది బావా, చూడు," అన్నాడు బామ్మర్ది.

"ఎండ," అన్నాడు మేస్త్రి. ఆయన కట్టిన గోడలు ముప్పై ఏళ్ళుగా ఎక్కడా చెమర్చలేదు. అయినా ఆయన గొంతు పలచబడింది. "ఈ వీధికి నీళ్ళెప్పుడొస్తాయి?"

"మధ్యాహ్నం," అన్నాడు బామ్మర్ది. అని, ఆకాశం వైపు చూశాడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

మూత బండ మర్యాదగా ఒక పక్కకి లేచింది. లేచి, ఒక్క క్షణం ఆలోచించుకుని, దబ్బున కింద పడింది. దాని వెనకాలే మనిషెత్తు నీళ్ళు లేచి నేరుగా మేస్త్రి మొహాన కొట్టాయి. పై వరసల ఇటుకలు పచ్చిమాలుతో పాటు నాలుగు దిక్కులా జారాయి. నీళ్ళు వాకిలి నిండి, మెట్టెక్కి, గుమ్మం దాకా వచ్చాయి. మామూలుగా అయితే అక్కడ తలుపుండేది.

"తలుపు వెయ్యండి! తలుపు వెయ్యండి!" అని అరిచాడు మేస్త్రి.

"ఏ ముక్క వెయ్యమంటారు బావగారూ?" అన్నాడు వడ్రంగి, రెండు బల్లల మధ్యా నిలబడి.

గదిలో చాపలు తేలాయి. చెక్క ఏనుగు ఒకటి తొండమెత్తుకుని గుమ్మం దాటి వీధిలోకి బయల్దేరింది. బామ్మర్ది దాని వెంట పడ్డాడు. వడ్రంగి చీపురు అందుకుని గదిలో నీళ్ళు వెనక్కి తోయడం మొదలుపెట్టాడు. తోసినన్ని నీళ్ళూ మళ్ళీ వచ్చేవి. వచ్చేవి, పోయేవి. గచ్చు మీద ఏళ్ళ నాటి మట్టి వాటితో పాటే కొట్టుకుపోయింది.

కుళాయి కట్టాలి. ఈసారి అసలైన అర్థంలో. కానీ అది నాలుగు గోడల మధ్య నీళ్ళలో ఎక్కడో అడుగున ఉంది. మేస్త్రి గోడ మీద బోర్లా పడి, చేయి భుజం దాకా లోపలికి దించి, చెంప ఇటుకలకి ఆనించి పిడి కోసం తడుముతున్నాడు. సరిగ్గా అప్పుడే, చంకలో రంగు కాగితాల చుట్టతో పంతులమ్మ వచ్చింది.

ఆవిడ కేకలు వేయలేదు. అందుకే ముగ్గురికీ భయమేసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. తడి చెంపతో ఉన్న మేస్త్రిని చూసింది. ఏనుగుని చంటిపిల్లలా ఎత్తుకున్న బామ్మర్దిని చూసింది. చివరికి గుమ్మాన్ని చూసింది.

"తలుపేదండీ?"

"మీరు చెప్పినట్టే..." వడ్రంగి చీపురు వెనక్కి దాచాడు. "తీసేశామమ్మా."

"తీసేయమంటే?"

"తీసేయమంటే తీసేయడమే కదమ్మా."

"నేను తాళం తీసి తలుపు తీసేయమన్నాను. మీరు లోపలికి వెళ్ళి కూర్చుంటారని!"

"తాళం కూడా తీశామమ్మా," అన్నాడు వడ్రంగి నీరసంగా.

"మరి లైటు?"

"తీసేశాను టీచరమ్మా," బామ్మర్ది ఒక అడుగు వెనక్కి వేశాడు. "శుభ్రంగా. ఒక్క తీగ కూడా మిగల్చలేదు."

"ఆర్పేయమన్నానయ్యా! పొద్దున మర్చిపోయి వేసొచ్చాను." ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "అయితే ఆ ఇటుకలూ..."

"కుళాయి కట్టేయమన్నారు కదమ్మా," అన్నాడు మేస్త్రి, చేయి లోపలే ఉంచుకుని. ఆ క్షణానే పిడి దొరికింది. తిప్పాడు. నీళ్ళు ఆగాయి. "ఇదిగోనమ్మా, కట్టేశాను."

పంతులమ్మ మెట్టు మీద కూర్చుంది. "ఇరవై ఏళ్ళ నుంచి పిల్లలకి తెలుగు చెబుతున్నాను," అంది తనలో తను. "నా తెలుగే నా బడి మీదికి వచ్చింది." కళ్ళు చెమర్చాయి. గుమ్మానికి తలుపు లేకపోయినా, ఆవిడ మనసులో బడి తలుపులు అప్పుడే మూతపడిపోయాయి.

ఆ తడి చూసి వడ్రంగి చీపురు కింద పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. కూలికి వచ్చినవాణ్ణయితే నాలుగు దులిపేది. ఊరికే వచ్చినవాణ్ణి తిట్టడానికి ఆవిడకి నోరు రావడం లేదు. ఉపకారం చేయడంలో ఇంత ఇబ్బంది ఉందని ఆయనకి ఇంతకుముందు తెలియదు.

"అమ్మా, ఇంకా పొద్దుంది," అన్నాడు. "ఏదో ఒకటి చేస్తాం."

చేయడానికి ఏముంది? తలుపు అతుకుదామంటే మధ్యలో రంపం పొట్టు కింద పోయినంత మేర తగ్గింది. తడిసిన గోడకి కరెంటు ఇచ్చేది లేదని బామ్మర్ది మొదటిసారి గట్టిగా కాదన్నాడు. మేస్త్రి విరిగిన వరసలు ఊడదీసి, కింద మోకాలెత్తు గోడ కూడా కూల్చబోయాడు. పొద్దున వేసిన ఆ వరసలు అప్పటికే పట్టేసుకున్నాయి. రెండు దెబ్బలు వేసి, "నా పని నన్నే తన్నుతోంది బావగారూ," అని సుత్తి కింద పెట్టి, అంచు మాత్రం నున్నగా పూసి వదిలేశాడు. బల్లలు రెండూ గదిలో వేశారు. చాపలు ఎండకి వేశారు. భోజనం మాట ఎవరూ ఎత్తలేదు.

నాలుగింటికి తల్లులూ తండ్రులూ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళలో పోయినేడు పిల్లాణ్ణి మాన్పించిన ఒకావిడ కూడా ఉంది. చిన్నవాణ్ణి చేర్చడానికి దగ్గర్లో ఇంకో బడి లేక వచ్చిందట. పెద్దవాణ్ణి మాన్పించిన రోజు "ఇది బడా, బొగ్గుల గదా?" అని అందరి ముందూ అన్నది ఈవిడే. వడ్రంగి కుటుంబం తరఫున ఆయన కూతురు వచ్చింది, మనవరాలి చేయి పట్టుకుని. తడి బట్టల్లో ఇద్దరు తాతల్నీ చూసి ఏమీ అడగకూడదని నిర్ణయించుకుంది.

బొగ్గుల గది ఆవిడ గుమ్మం దాటి నిలబడిపోయింది.

"గది పెద్దది చేశారా?"

"లేదండీ," అంది పంతులమ్మ పొడిగా.

"కొత్తగా రంగేసినట్టుంది?"

"లేదండీ."

"మరి ఇంత వెలుతురెక్కణ్ణుంచి వచ్చింది?"

అప్పుడు వడ్రంగి తలెత్తి చూశాడు. పక్క గోడకి ఒక కిటికీ ఉంది. ఇన్నేళ్ళూ తలుపు లోపలికి తెరుచుకుని సరిగ్గా ఆ కిటికీకి అడ్డం పడేది. అది కదలకుండా ఒక రాయి కూడా పెట్టేవాళ్ళు. ఇప్పుడు తలుపు లేదు. నాలుగింటి ఎండ కిటికీలోంచి దూకి, కడిగిన గచ్చు మీద జారి, కప్పు దాకా పాకింది. లైటు లేదన్న సంగతి ఎవరికీ తోచనే లేదు.

వెనక కేరింతలు వినపడ్డాయి. మనవరాలు తల్లి చేయి విడిపించుకుని వాకిట్లో మోకాలెత్తు గోడెక్కి, అడుగున మిగిలిన చీలమండ లోతు నీళ్ళలోకి దూకింది. దాన్ని చూసి ఇంకొకడు. వాణ్ణి చూసి నలుగురు. కొందరు పిల్లలు గదిలో పొట్టి బల్లల చుట్టూ చేరి, ఎవరూ చెప్పకుండానే కూర్చుని, మోచేతులు ఆనించి పెద్దమనుషుల్లా ఒకరినొకరు చూసుకున్నారు. చెక్క ఏనుగు బల్ల మీదికి వచ్చింది.

"తలుపు లేదేమండీ?" అంది బొగ్గుల గది ఆవిడ.

వడ్రంగి నేల చూపులు చూశాడు. మేస్త్రి గోడ వైపు తిరిగి, లేని మరకని గోటితో గీకాడు. పంతులమ్మ బల్లల వైపు చేయి చూపింది. "అదిగోనండీ తలుపు."

"ఆఁ! తలుపునే పిల్లలకి బల్లలు చేయించారా! వాకిట్లో ఆ నీళ్ళ తొట్టి కూడా కొత్తదేనా? ఎవరి ఆలోచనండీ?"

పంతులమ్మ కళ్ళజోడు సవరించుకుంది. ముగ్గురు పనివాళ్ళ మొహాలూ వరసగా చూసింది.

"నాదేనండీ," అంది. "ఫోన్లో చెప్పి చేయించాను."

బామ్మర్ది నోరు తెరిచాడు. వడ్రంగి అతని కాలు తొక్కాడు.

"అబద్ధం కదా బావగారూ?" అని గొణిగాడు మేస్త్రి.

"ఒక్క ముక్కా అబద్ధం లేదు బావగారూ. మనం విన్నది ఆవిడ నోటి మాటేగా."

ఆ సాయంత్రం బొగ్గుల గది ఆవిడ చిన్నవాడితో పాటు పెద్దవాణ్ణి కూడా మళ్ళీ చేర్చింది. పిల్లల్ని తొట్టిలోంచి బయటికి లాగడానికి తల్లిదండ్రులు పడ్డ పాటు చూశాకనే, ఇక బడి మూసే ప్రసక్తి లేదని ముగ్గురికీ అర్థమైంది. అందరూ వెళ్ళిపోయాక పంతులమ్మ నవ్వుతూ వాళ్ళ ముందుకొచ్చింది. ముగ్గురూ ఎందుకైనా మంచిదని లేచి నిలబడ్డారు.

"బల్లలు బాగున్నాయి. తొట్టి బాగుంది. లైటు రేపు గోడ ఆరాక చూసుకుందాం. కానీ పగలు తలుపు లేకపోయినా చెల్లుతుంది గానీ రాత్రికెలా? లోపల పిల్లల సామానంతా ఉంది. వీధి కుక్కలు బల్లల మీద పడుకుంటాయి. చీకటి పడేలోగా ఇక్కడ తలుపుండాలి." ఆగి, ఒక్కో మాటా ఏరుకుని, పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "తలుపు తెచ్చి, నిలబెట్టి, మడతబందులు వేసి, మరలు బిగించండి. బయటికి తెరుచుకునేలా. అర్థమైందా?"

"అర్థమైందమ్మా," అన్నారు ముగ్గురూ.

ఆదివారం కర్ర అమ్మే అడితీలు మూసి ఉంటాయి. కర్ర దొరికినా రాత్రికి తలుపు తయారవదు. తయారైన తలుపే కావాలి. ఈ గుమ్మానికి సరిపోయేది ఊళ్ళో ఎక్కడుందా అని వడ్రంగి ఆలోచించనక్కర్లేదు. ఆయన కొలకర్ర పుణ్యమా అని ప్రతి వీధిలోనూ ఉంది. కానీ ఎవరింటికెళ్ళి, ఏమని అడుగుతాం?

ఎవరో తనని చూస్తున్నట్టనిపించి వడ్రంగి పక్కకి తిరిగాడు. మేస్త్రీ బామ్మర్దీ ఇద్దరూ చూస్తున్నారు.

"బావగారూ," అన్నాడు మేస్త్రి మెల్లగా, "నిన్న మీరు బిగించింది కూడా ఆ కొలతేనా?"

"వద్దు బావగారూ."

"మనవరాలి బడి బావగారూ."

ఈ జన్మలో మొదటిసారి వియ్యంకుడికి కాదని చెప్పాలనుకున్నాడు వడ్రంగి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మెట్టు మీద కూర్చుని పంతులమ్మ రాల్చిన ఆ కన్నీటి చుక్క ఉంది చూశారూ, అది అడ్డం పడింది. నాలుగింటికి తలుపు బాగుంటుందని ఆవిడకి మాటిచ్చింది తనే.

"అలాగే," అన్నాడు. "కానీ మీ చెల్లెమ్మని నేనడగాలి. సరేనంటేనే."

"అడగండి. మా ఆవిడ కూడా ఆ తలుపు చూడ్డానికి వస్తానంది సాయంత్రం."

"ఆవిడకి మీరు చెప్పండి."

"ఆవిడకి చెప్పేంత ధైర్యమే ఉంటే నేనిలా ఆదివారాలు బయట తిరుగుతానా బావగారూ?"

దారి పొడుగునా వడ్రంగి మాటలు కూర్చుకున్నాడు. 'చూడూ, మన మనవరాలి బడి' అని మొదలుపెడదామా? 'ఇంకా మంచిది చేసిపెడతాను, అరగంట పని' అందామా? రెండోది తలచుకోగానే ఒళ్ళు జలదరించింది. ఇల్లొచ్చింది. కొత్త తలుపు చేరవేసి ఉంది, సాయంకాలపు ఎండలో తేనె రంగులో మెరుస్తూ. వెనకింటి వైపు బట్టలుతుకుతున్న చప్పుడు వినపడుతోంది. ముగ్గురూ తలుపు ముందు వరసగా నిలబడ్డారు. వడ్రంగి గొంతు సవరించుకుని తలుపు తట్టాడు.

"ఏమోయ్! తలుపు..."

పెరట్లోంచి భార్య గొంతు ఖంగుమంది. భోజనానికి రాని మొగుడి మీద పొద్దుటి నుంచీ దాచుకున్న కోపమంతా అందులో ఉంది.

"చేతులకి సబ్బుంది! గడియ వేసి లేదు. మీరే తీసుకోండి!"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పొద్దున అయితే ఆ మాటకి ఒక్కటే అర్థం వడ్రంగికి తెలుసు. ఇప్పుడు రెండూ తెలుసు. రెండింటిలో ఏది తనకి కావాలో కూడా తెలుసు. అయినా న్యాయంగా ఇంకోసారి అడిగాడు.

"నిజంగానే తీసుకోమంటావా?"

"ఎన్నిసార్లు చెప్పాలండీ? తీసుకోండి అన్నానుగా!"

"నేను సాక్షి బావగారూ," అన్నాడు మేస్త్రి.

వడ్రంగి స్క్రూడ్రైవరు తీశాడు. అంత బాగా బిగించిన తలుపు అంత నిశ్శబ్దంగా ఊడిరావడం చూసి తన పనితనానికి తనే ముచ్చటపడ్డాడు. ముగ్గురూ దాన్ని భుజాలకెత్తుకుని, సందు మలుపు తిరిగేదాకా పరుగు తీశారు. చీకటి పడేలోగా బడి గుమ్మానికి అది అచ్చుగుద్దినట్టు సరిపోయింది. బయటికే తెరుచుకుంది. చప్పుడు లేదు. పంతులమ్మ దాన్ని వేస్తూ తీస్తూ, వేస్తూ తీస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది. అది చూస్తూ వడ్రంగి ఇంటికి వెళ్ళడం వాయిదా వేశాడు.

దీపాలు పెట్టేవేళకి వియ్యపురాలు, అంటే మేస్త్రి భార్య, చెప్పిన ప్రకారం కొత్త తలుపు చూడ్డానికి వచ్చింది. గుమ్మానికి అడ్డంగా పైనుంచి కింద దాకా ఒక పూల దుప్పటి కట్టి ఉంది. తనకి ఒక్కసారిగా చూపించి ఆశ్చర్యపరచడానికి తలుపుని దుప్పటితో కప్పి ఉంచారనుకుని ఆవిడ ముచ్చటపడింది. కొంగు సర్దుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి, సరిగ్గా ఎదురుగా నిలబడింది.

"వదినగారూ! వచ్చేశాను. ఇంక తలుపు తీయండి!"

దుప్పటి వెనకనుంచి జవాబు వచ్చింది.

"తీసుకెళ్ళారు."